భూమి పండుగ వేటకు మన తాతల మూట

ఎండాకాలంలో, విత్తనాలకు ముందు, భూమి పండుగకు మన కోయ పల్లెల మగవాళ్లు విల్లంబులతో అడవికెళ్లి కొన్ని రోజులు అక్కడే ఉండేవాళ్లు. ఇప్పుడు రెండు రోజుల ట్రెక్కింగ్‌కే ఎన్ని లీటర్ల బ్యాగు కొనాలని ఫోన్లో వెతుకుతున్నాం. వాళ్ల లెక్క వేరు. పోయేటప్పుడు తేలిగ్గా పోవాలి, బరువు ఉంటే వచ్చేటప్పుడే.

ముందు చూసుకునేది సొరకాయ బుర్ర. ముదిరిన కాయను ఎండబెట్టి, మూతి కోసి, గింజలూ గుజ్జూ తీసేస్తే నీళ్లకైనా జావకైనా అదే పాత్ర. ఎండలోనూ నీళ్లు చల్లగా ఉంటాయి. తాడు కట్టి భుజాన తగిలిస్తే రెండు చేతులూ విల్లుకే. పగిలితే మాత్రం అతుకు పడదు, అందుకే రాళ్ల దారిలో పసిపిల్లను మోసినట్టు మోసేవాళ్లు.

ఇక బరువుకు కావడి. దాని వెదురు అడవిలోనే దొరుకుతుంది, ఇంటి నుంచి మోసుకెళ్లక్కర్లేదు. రెండు వైపులా సమంగా కడితే బద్ద నడకతో పాటు ఊగి భుజాన్ని కాస్త కాపాడుతుంది. అలా వచ్చిన మాంసం ఊరందరికీ పంపకం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటకు హక్కు ఇవ్వలేదు. పండుగ నిలిచింది గానీ, బుర్ర స్థానంలోకి ప్లాస్టిక్ సీసా వచ్చింది. మీ ఇంట్లో పాత బుర్ర ఇంకా ఉంటే, దాన్ని ఎవరు కోశారో తాతనడిగి రాసి పెట్టండి.