విక్టోరియా గ్రామసీమల రైలుబండి

ఆస్ట్రేలియా ఖండమున పొగబండి మొట్టమొదట నడచినది 1854 సెప్టెంబరు 12వ తేదీన. మెల్బోర్ను నగరమున ఫ్లిండర్సు వీధి నుండి సముద్రపుటొడ్డున నున్న శాండ్రిడ్జి రేవు దాకా రెండున్నర మైళ్ల దారి అది. బొంబాయి ఠాణాల నడుమ బండి నడచి అప్పటికి ఏడాదిన్నర నిండలేదు. మదరాసు రాయపురమునకు ఆ యోగము పట్టుటకు ఇంకను రెండేండ్లు కావలసియుండెను. ఇంగ్లండు నుండి తెప్పింపదలచిన ఇంజనులు సమయమునకు రాకపోగా, కంపెనీవారు ఆగలేక మెల్బోర్నులోనే రాబర్ట్‌సన్, మార్టిన్, స్మిత్ అనువారి కార్ఖానాలో హుటాహుటిని ఒక ఇంజనును చేయించి ప్రారంభోత్సవము జరిపించిరి. అంత తొందర ఏలయనగా, 1851లో బల్లరాటు, బెండిగో ప్రాంతములలో బంగారము బయటపడినది మొదలు ఓడలకొలది జనము ఆ రేవున దిగుచుండెను. దిగినవారిని, వారి పెట్టెబేడలను ఊరిలోనికి చేర్చుటయే ఒక పెద్ద వ్యాపారమైపోయెను.

ఆ చిన్నదారి లాభములు చూచి మఱికొన్ని కంపెనీలు పుట్టినవి. జీలాంగు పట్టణపువారు తమ రేవు మెల్బోర్నుకు తీసిపోదని నిరూపింపదలచి సొంత కంపెనీ పెట్టి 1857 జూన్ 25న బండి నడిపించిరి. ఆ ఉత్సవదినముననే కంపెనీ ఇంజనుల అధికారి బండిమీద నుండగా వంతెన తగిలి మరణించుట అపశకునమని జనులు చెప్పుకొనియుందురు. శకునపుమాట యెట్లున్నను 1860లోనే ఆ కంపెనీ నిలద్రొక్కుకొనలేక ప్రభుత్వమునకు అమ్ముడుపోయెను. మౌంట్ అలెగ్జాండరు గనులకును, ముర్రే నదికిని దారి వేసెదమని బయలుదేరిన వేఱొక కంపెనీ మూలధనము సమకూడక, పని సరిగా మొదలు కాకమునుపే 1856లో ప్రభుత్వపు చేతిలో పడెను. ఆ యేటనే విక్టోరియా ప్రభుత్వము రైల్వేశాఖను స్థాపించెను. ఈ రాష్ట్రపు రైలు చరిత్ర అంతయు చదివినవానికి ఒక సంగతి స్పష్టమగును: పట్టాలు వేయించినది ఓటరు, పెఱికించినది లెక్కల గుమాస్తా, ప్రైవేటు కంపెనీయన్ననో, ప్రారంభపు మేళతాళములకు వచ్చి నష్టము కనబడగనే సెలవు తీసికొనిన చుట్టము.

ప్రభుత్వము తలపెట్టిన మొదటి మహాకార్యము బెండిగో మార్గము. నూఱు మైళ్ల ఆ దారిని ప్రధాన ఇంజనీరు జార్జి డార్బిషైరు ఇంగ్లండు దేశపు పెద్దమార్గముల ప్రమాణమునకు తగ్గకుండ జంటపట్టాలతో, రాతికట్టడములతో రూపొందించెను. మామ్స్‌బరీ వద్ద నల్లరాతితో కట్టిన వంతెన నేటికిని చూడదగినది: ఒక్కొక్కటి అఱువదడుగుల వెడల్పుగల అయిదు కమానులు లోయమీద వరుసగా నిలిచియుండును, ఒక్కొక్క రాయి చెక్కినవాని ఉలిదెబ్బ దగ్గఱకు పోయి చూచినచో ఇంకను కనబడును. ఆ రాళ్లు చెక్కినవారి వృత్తివారే 1856లో మెల్బోర్నున దినమునకు ఎనిమిది గంటల పని అను హక్కును లోకములో తొలుదొల్త సాధించినవారిలో చేరినవారు; ఈ మార్గము కట్టించిన కార్నిష్, బ్రూసు అను కంట్రాక్టరులకును వారికిని ఆ గంటల విషయముననే పెద్ద తగవు నడచెను. 1862 అక్టోబరులో బండి బెండిగో చేరెను. కాని అప్పటికి పైపొరలలోని బంగారము చాలవరకు అయిపోయినది; పారపట్టిన జనము చెదరిపోవుచుండెను. బంగారమునకై వేసిన దారి కడకు ఉన్నిమూటలకును, గోధుమ బస్తాలకును ఉపకరించినది. 1864లో ఆ మార్గము ఎచూకా వద్ద ముర్రే నదిని చేరగా, నదిమీద ఆవిరిపడవలలో వచ్చిన ఉన్ని అక్కడ బండికెక్కి మెల్బోర్ను రేవునకు పోసాగెను. ఖర్చు చూచి బెదరిన ప్రభుత్వము ఆ తరువాతి దారులను ఒంటిపట్టాలతో చౌకగా కట్టించెను. డబ్బున్ననాడు రాతివంతెన, లేనినాడు కొయ్యవంతెన. ఆ రాష్ట్రపు పల్లెలలో తిరిగిన వారికి ఏ దారి ఏ కాలపుదో వంతెన చూచియే చెప్పవచ్చును.

ఇక గేజి సంగతి. మన ప్రాంతమున బ్రాడ్‌గేజి, మీటరుగేజిల కలయికచోట్ల సామాను దింపి ఎక్కించుకొన్న తరమువారికి ఇది క్రొత్త కథ కాదు. న్యూ సౌత్ వేల్సులో తొలి ఇంజనీరుగా నుండిన ఐర్లండు దేశీయుడు షీల్డ్సు అయిదడుగుల మూడంగుళముల వెడల్పు మేలని ఒప్పించెను. విక్టోరియా ఆ మాట నమ్మి బండ్లకు ఆర్డరు పెట్టుకొనెను. అంతలో ఆయన రాజీనామా చేసి పోగా, వెనుక వచ్చిన స్కాట్లండు ఇంజనీరు వాలేసు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళములే తగునని పట్టుపట్టి గెలిచెను. విక్టోరియా వెనుకకు తగ్గలేదు. ఫలితముగా 1873లో ఉడోంగా వరకు వచ్చిన విక్టోరియా పట్టాలును, 1881లో ఆల్బరీ చేరిన న్యూ సౌత్ వేల్సు పట్టాలును ముర్రే నదికి ఈవల నొకటి, ఆవల నొకటి నిలిచి ఒకదాని మొగము నొకటి చూచుకొనుచుండెను. 1883లో వంతెన కట్టిరి గాని వెడల్పులు కలియలేదు. సిడ్నీ నుండి రాత్రిబండిలో వచ్చినవాడు తెల్లవాఱుజామున లేచి, కంబళి భుజమున వేసికొని, ఆల్బరీ స్టేషనులోని ఆ దీర్ఘమైన ప్లాట్‌ఫారమున అటువైపు నిలిచిన బండిలోనికి మారవలసినదే. 1895లో అమెరికా రచయిత మార్క్ ట్వేను అటుల దిగి మారి, ఆ తరువాతి తన యాత్రాగ్రంథమున దానిని పరిహసించెను. రెండు రాజధానులకు నడుమ ఒకే వెడల్పు పట్టాలు పడుటకు 1962 దాకా వేచియుండవలసివచ్చెను.

ఓటరు మహిమ చూడవలెనన్న 1884 నాటి రైల్వే నిర్మాణ శాసనమును చూడవలెను. శాసనసభ్యుడన్నవాడు తన నియోజకవర్గమునకు ఒక దారి తేకున్న మఱల గెలుచుట దుర్లభమైన దినములవి. అందఱి కోరికలను ఒక్క చట్టమున గ్రుచ్చి యేబదికి పైగా మార్గములకు అనుమతి ఇచ్చిరి. పటము మీద నాలుగు దిక్కులకు చాచిన చేతులు చూచి జనులు దానికి అష్టపాద శాసనమని సముద్రజంతువు పేరే పెట్టిరి. అప్పు పుట్టినంతకాలము పట్టాలు పఱచుకొనుచు పోయిరి. 1890 తరువాత భూముల ధరలు కూలి, బ్యాంకులు మూతపడగా, ఆ దారులలో ఎన్నియో వారమునకు రెండు బండ్లు తిరుగుట కూడ దండుగయని తేలినది. రైల్వే కమిషనర్ల అధ్యక్షుడు స్పైటు పదవి పోగొట్టుకొని, తన్ను విమర్శించిన పత్రికమీద పరువునష్టపు దావా వేసి ఏండ్లతరబడి కోర్టులలో తిరిగెను. దారులు మంజూరు చేసినవారు శాసనసభ్యులు. నింద మోసినది ఉద్యోగి. ఈ నీతి ఏ దేశమునందైనను ఒకటే.

ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున గ్రామసీమకు రైలుబండియే పోస్టు, పాలకేంద్రము, వార్తాపత్రిక, పెండ్లివారి వాహనమును. ప్రమాదములు లేకపోలేదు: 1908 ఏప్రిల్ 20న సన్‌షైను స్టేషనులో బెండిగో నుండి వచ్చిన బండి బల్లరాటు బండిని వెనుకనుండి గుద్దగా 44 మంది మరణించిరి. 1920లో కమిషనర్ల అధ్యక్షుడై వచ్చిన హెరాల్డు క్లాపు ఈ శాఖకు దొరకిన ప్రతిభాశాలి. 1924లో ఆయన నడిపించిన వ్యవసాయబోధనపు బండి నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. అందులో ఆవులు, పందులు, కోళ్లు, విత్తనములు, ఎరువులు. వానితోపాటు వ్యవసాయ నిపుణులు. స్త్రీల కొఱకు వేఱుగ పెట్టెలుండెను. శిశుపోషణ, వంట, కుట్టుపని వానిలో చెప్పుచుండిరి. బండి ఒక ఊరిలో ఆగగనే చుట్టుప్రక్కల రైతులు గుఱ్ఱపుబండ్లపై, మోటార్లపై వచ్చి ప్లాట్‌ఫారము నిండిపోవుచుండెడిది. పండు తినుడని, పాలు త్రాగుడని స్టేషను గోడలపై ప్రకటనలు పెట్టించినదియు ఆయనయే. జనము ఆరోగ్యముగా నుండుట యొక ప్రయోజనము, ఆ పండ్లు మోయుట రైలుకు కిరాయి. 1937లో ఉక్కుపెట్టెలతో, చల్లగాలి యంత్రముతో, నీలివన్నెతో ఆయన తెచ్చిన స్పిరిట్ ఆఫ్ ప్రోగ్రెసు అను బండి మెల్బోర్ను నుండి ఆల్బరీ దాకా 190 మైళ్లు ఎక్కడను ఆగక పరుగెత్తెను.

యుద్ధానంతరము కారు వచ్చినది, బస్సు వచ్చినది, లారీ వచ్చినది. తక్కిన కథ త్వరగా చెప్పవచ్చును: దారి తరువాత దారి మూతపడెను. 1980లో మర్రే లోనీ అను పెద్దమనిషి ప్రభుత్వపు కోరికపై సమర్పించిన రవాణా నివేదిక, జీలాంగు మార్గము తప్ప గ్రామసీమల ప్రయాణికుల బండ్లన్నిటిని ఆపివేయుట మంచిదని చెప్పినది. ఊరూర నిరసనలు లేచినవి. ప్రభుత్వము మధ్యేమార్గము పట్టి 1981 అక్టోబరున కొన్ని దారులు మూసి, మిగిలినవానిలో క్రొత్త పెట్టెలతో వేగముగా బండ్లు నడుపుట మొదలుపెట్టెను. మఱుసటి యేట ప్రభుత్వమే మారినది. 1983 జులై 1న రాష్ట్ర రైల్వేను రెండుగా చీల్చి, నగరపు బండ్లు ఒక సంస్థకును, గ్రామసీమల బండ్లు వేఱొక సంస్థకును అప్పగించిరి. ఆ రెండవదానికి వాడుకపేరు వీ/లైన్. శవయాత్రకు ముహూర్తము పెట్టిన యింట నామకరణము జరిగినట్లయినది.

ఇంచుమించు ఇదేకాలమున జపాను దేశము కూడ ఈ చిక్కుముడినే విప్పబూనెను. 1987 ఏప్రిల్ 1న అక్కడి జాతీయ రైల్వేను ప్రాంతములవారీగా ఆఱు ప్రయాణికుల కంపెనీలుగను, ఒక సరుకుల కంపెనీగను విభజించిరి. టోక్యో చుట్టుపట్ల జనసమ్మర్దమున్న కంపెనీలు వర్ధిల్లినవి. క్యూషూ కంపెనీ హోటళ్లు, అంగళ్లు, ఇండ్లస్థలముల వ్యాపారముతో నిలిచి 2016లో వాటాల బజారుకెక్కినది. హొక్కైడో, షికోకు కంపెనీలకు మాత్రము సర్కారు ఆసరా నేటికిని తప్పలేదు. జనము పలుచనైనచోట రైలు తన కాళ్లమీద తాను నిలుచుట ఏ మంత్రమువలనను సాధ్యము కాదని ఆ రెండు ద్వీపములే సాక్ష్యము. విక్టోరియా పాలకులు మాత్రము ఆ మంత్రమునే మఱల పఠించిరి. 1992లో అధికారమునకు వచ్చిన కెన్నెట్ ప్రభుత్వము 1993లో బెయిర్న్స్‌డేల్, మిల్డ్యూరా, లియోంగాథా బండ్లను ఆపివేసెను. వార్నంబూలు, షెపర్టను దారుల బండ్లను రెండు ప్రైవేటు కంపెనీలకిచ్చెను. 1999 ఆగస్టున వీ/లైన్ ప్రయాణికుల బండ్లు బ్రిటిషు కంపెనీయైన నేషనల్ ఎక్స్‌ప్రెసుకు పదేండ్ల ఒప్పందముపై దఖలుపడెను. మూడేండ్లకే, 2002 డిసెంబరులో, ఆ కంపెనీ తాళపుచెవులు ప్రభుత్వమునకిచ్చి వెడలిపోయెను. 1860లో జీలాంగు కంపెనీ చేసినదియు అదియే.

బండ్లు పోయిన ఊళ్లవారు ఊరకొనలేదు. 1999 ఎన్నికలలో మెల్బోర్ను పండితుల అంచనాలు తప్పించుచు గ్రామసీమల స్థానములు కెన్నెట్ చేయి జాఱినవి. ముగ్గురు స్వతంత్ర సభ్యుల ఊతతో స్టీవ్ బ్రాక్స్ గద్దెనెక్కి, బల్లరాటు, బెండిగో, జీలాంగు, ట్రరాల్గను దారులలో గంటకు 160 కిలోమీటర్ల బండ్లు నడిపించెదనన్న వాగ్దానమును చేపట్టెను. 2004లో బెయిర్న్స్‌డేల్, అరరాటు ఊళ్లకు బండి తిరిగివచ్చెను. మన గోదావరిసీమలో యుద్ధకాలమున పట్టాలు పెఱికి పట్టుకొనిపోయిన కాకినాడ కోటిపల్లి దారికి మఱల బండి వచ్చినదియు ఆ సంవత్సరముననే. అక్కడివారును, ఇక్కడివారును ఆశ వదలుకొనని జాతివారే. అయితే వేగమునకై బెండిగో మార్గమున చేసిన మార్పు నా మనస్సునకు పట్టలేదు. డార్బిషైరు జంటపట్టాలకై కట్టించిన దారిలో కైన్‌టను దాటిన తరువాత చాలభాగమును ఒంటిపట్టా చేసిరి. నూఱేండ్ల ముందుచూపుతో కట్టినదానిని పదేండ్ల లెక్కకొఱకు సగము చేయుట పొదుపు అనిపించుకొనదు. వేగము వచ్చినను గేట్ల భద్రత వెంటనే రాలేదు: 2007 జూన్ 5న కెరాంగు దగ్గఱ ఒక లారీ స్వాన్ హిల్ నుండి వచ్చు బండిని ప్రక్కనుండి ఢీకొనగా 11 మంది ప్రయాణికులు చనిపోయిరి.

మన తెలుగువారికి వీ/లైన్ బాగుగా పరిచయమైనది 2015 జూన్ 21 తరువాత. ఆ దినమున మెల్బోర్ను పడమటిదెసను జీలాంగు బండ్లకై వేసిన క్రొత్త దారి తెరచిరి. టార్నీటు, విండ్‌హం వేల్ అను రెండు స్టేషనులు ఆ దారిమీద వెలసినవి. పొలములుగా నున్న ఆ నేలపై ఏటేట ఇండ్లు లేచి, పంజాబీలు, తెలుగువారు, గుజరాతీలు వేలకొలదిగా కాపురములు పెట్టిరి. 2021 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాలో ఇంటిభాష తెలుగని వ్రాయించినవారు దాదాపు 59 వేలమంది. వారిలో గణనీయమైన భాగము ఈ పడమటి పేటలలోనివారే. దూరపు ఊళ్లవారికని ఏర్పడిన డీజిలుబండి వీరికి ఆఫీసుబండి అయినది. ప్రొద్దున టార్నీటు ప్లాట్‌ఫారమున నిలిచినవానికి బండి వచ్చుచుండగనే కిటికీలలో జీలాంగు నుండి కూర్చుండి వచ్చినవారి తలలు కనబడును. "మళ్లీ ఫుల్లే వచ్చిందండీ" అను మాట తెలుగున వినబడును. నగరము చేరుదాకా కడ్డీ పట్టుకొని నిలుచుటయే. 2016 జనవరిలో క్రొత్తదారి మలుపుల రాపిడికి చక్రముల అంచులు అనుకొన్నదానికన్న త్వరగా అరుగుచున్నవని తేలి బండ్లు షెడ్డులలో నిలిచిపోగా, కొన్ని వారములు టిక్కెట్టు లేకయే ప్రయాణింపనిచ్చిరి.

2023 మార్చి 31 నుండి గ్రామసీమల బండిలో ఎంతదూరము పోయినను దినమునకు మెల్బోర్ను నగరపు టిక్కెట్టు ధర దాటకుండ హద్దు పెట్టిరి. ఆనాటికి అది 9 డాలర్ల 20 సెంట్లు. ఇప్పుడు ముసలివారు మనుమలను చూడ స్వాన్ హిల్ నుండి వచ్చి పోవుచున్నారు. టిక్కెట్టు చౌకయైనకొలది జనము పెరిగి, పెట్టెలు చాలకున్నవి.

1903లో రైలు చేరిన మిల్డ్యూరాకు మాత్రము 1993 నుండి ప్రయాణికుల బండి లేదు. ద్రాక్షతోటల ఆ పట్టణమువారు మెల్బోర్ను రావలెనన్న బస్సెక్కి, బస్సు దిగి, రైలెక్కవలెను, లేదా విమానము. బండి కావలెనని వారు అడుగుట మానలేదు. దారి చచ్చినదా యన్న, లేదు, ధాన్యపుబండ్లు నడచుచునే యున్నవి. కాని సరుకుల సౌకర్యార్థమై 2018లో ఆ పట్టాలను నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళములకు మార్చిరి. బల్లరాటు నుండి మేరీబరో వరకు పోవు వీ/లైన్ బండి నేటికిని అయిదడుగుల మూడంగుళములదే. మిల్డ్యూరాకు బండి పంపుటకు ప్రభుత్వము రేపే సమ్మతించినను, మేరీబరో దగ్గఱ ప్రయాణికుడు పెట్టె చేతబట్టి వేఱొక బండిలోనికి మారవలెను, లేదా దారినే మఱల మార్పవలెను.