అగ్నివీరుల డిగ్రీ పథకం

సైన్యంలో పనిచేస్తూనే పట్టా పొందేలా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) అగ్నివీరుల కోసం రూపొందించిన మూడేళ్ల నైపుణ్యాధారిత డిగ్రీ కార్యక్రమం ఇది. అగ్నివీరులను నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే అగ్నిపథ్ నియామక విధానం 2022 జూన్ 14న వెలువడగా, మరునాడు కేంద్ర విద్యాశాఖ ఈ డిగ్రీ కార్యక్రమాన్ని ప్రకటించింది.

డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో 50 శాతం సర్వీసులో పొందిన సాంకేతిక, సాంకేతికేతర శిక్షణ ద్వారా లభిస్తాయి. మిగిలిన 50 శాతం భాషలు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, గణితం, వ్యవసాయం వంటి పాఠ్యాంశాల నుంచి దూరవిద్యలో సమకూర్చుకోవాలి. మొదటి ఏడాది పూర్తిచేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇస్తారు. నాలుగేళ్ల సర్వీసు కాలంలోనే చదువు ముగించడానికి ఈ అమరిక వీలు కల్పిస్తుంది. పదో తరగతి అర్హతతో చేరినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా 12వ తరగతి పూర్తిచేయవచ్చు.

తెలంగాణ విషయానికొస్తే, ములుగు సహా రాష్ట్రంలోని జిల్లాల సైనిక నియామకాలను సికింద్రాబాద్‌లోని నియామక కార్యాలయం నిర్వహిస్తుంది. హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ అగ్నివీరుల శిక్షణ కేంద్రాలలో ఉన్నాయి. నాలుగేళ్ల సర్వీసు ముగిశాక ప్రతి అగ్నివీరుల బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. తక్కినవారికి ఈ పట్టా పౌర ఉద్యోగాలకు విద్యార్హతగా పనిచేస్తుంది.