గాదంకి మీద శబ్దం ఎటు వంగింది?

మన ఇంజినీరింగు చదువుల్లో న్యూమరికల్ మెథడ్స్ అంటే రుంగె-కుట్టా ఫార్ములా బట్టీపట్టి, కాలిక్యులేటర్‌తో నాలుగు స్టెప్పులు వేసి, పది మార్కులు తెచ్చుకోవడం. ఆ లెక్క దేనికో ఎవరూ చెప్పరు. చెప్పడానికి మంచి ఉదాహరణ మాత్రం తిరుపతి నించి చిత్తూరు వెళ్ళే దారిలోనే ఉంది.

ఆ ఊరు గాదంకి. 1990ల మొదట్లో అక్కడ ఎమ్మెస్టీ రాడార్ కట్టారు. 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్ తరంగం. పైన గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో చక్కగా చెప్తుంది. ఉష్ణోగ్రత మాత్రం నేరుగా చెప్పలేదు. దానికి బెలూన్ ఎగరెయ్యాలి, అదీ ఎగరేసినప్పటి సంగతే చెప్తుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. పెద్ద స్పీకర్లతో శబ్దాన్ని పైకి పంపి, దాని వేగాన్ని రాడార్‌తో కొలవడం. శబ్ద వేగం తెలిస్తే ఉష్ణోగ్రత (తేమ ప్రభావంతో కలిపి) తెలిసినట్టే. జపాన్ వాళ్ళు తమ ఎమ్యూ రాడార్‌తో 1980ల్లోనే చేశారు. అయితే శబ్ద తరంగం పొడవు రాడార్ తరంగంలో సగం, అంటే 2.83 మీటర్లు ఉండాలి. సుమారు 120 హెర్ట్జ్ బొంగురు మోత అన్నమాట. తరంగం రాడార్ కిరణానికి ఎదురుగా నిలబడాలి కూడా, అద్దంలాగా.

చిక్కంతా ఇక్కడే. పది కిలోమీటర్లు ఎక్కడానికి శబ్దానికి అర నిమిషం పడుతుంది. సెకనుకి 10 మీటర్ల గాలి వీచినా ఈలోగా 300 మీటర్లు పక్కకి పోతుంది. పైన చలి, గాలి వేగంలో తేడాలు దాన్ని వంచేస్తాయి కూడా. మరి రాడార్‌ని ఎటు చూడమనాలి?

పూర్తి తరంగ సమీకరణాన్నే సాధిద్దాం అంటారా? తరంగానికి పది గళ్ళ చొప్పున పది కిలోమీటర్ల ఘనాన్ని కోస్తే దాదాపు 44 లక్షల కోట్ల గళ్ళు. గడికి నాలుగు బైట్లేసినా 170 టెరాబైట్లు దాటుతుంది. అందుకే రే ట్రేసింగ్. ఒక్కో శబ్ద కిరణానికి ఎక్కడుందో మూడు అంకెలు, ఎటు పోతోందో మూడు అంకెలు. గాలి, ఉష్ణోగ్రతల ప్రకారం చిన్న చిన్న అంగలేస్తూ పోవడమే. రుంగె-కుట్టా సరిగ్గా ఇలాంటి పనికే పుట్టింది. గాలి గుణాలు తరంగం పొడవుతో పోలిస్తే నెమ్మదిగా మారతాయి కాబట్టి ఈ దగ్గరిదారి చెల్లుతుంది.

గాదంకిలోనూ మూడు కొలతల రే ట్రేసింగ్‌తోనే రాడార్‌కి శబ్దం దొరికే చోటు వెతికారు. 2006 జులై 23-27 ప్రయోగాల్లో ఒకటిన్నర నించి 10 కిలోమీటర్ల దాకా, కొన్నిసార్లు 14 దాకా ఉష్ణోగ్రతలు వచ్చాయి. బెలూన్ కొలతలతో బాగానే సరిపోయాయి. ఇంకా పైకి పోనివ్వనిది 13-17 కిలోమీటర్ల మధ్య సెకనుకి 30-45 మీటర్లతో వీచే తూర్పు జెట్ గాలి. ఆ ఆగస్టు చివర్లో మళ్ళీ మొదలెట్టి దాదాపు 40 గంటలు ఆపకుండా 10 కిలోమీటర్ల దాకా కొలిచారు. బెలూన్‌తో అయ్యే పనేనా?

నా ఉద్దేశంలో న్యూమరికల్ మెథడ్స్‌లో అసలు పాఠం ఫార్ములా కాదు, ఏ సమీకరణాన్ని సాధించక్కర్లేదో తెలుసుకోవడం. కోడ్ రాసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. వందలైన్ల ప్రోగ్రాముతో ఒక శబ్ద కిరణాన్ని ఆ జెట్ గాలిలోకి పంపి చూడండి. సెమిస్టరంతా అర్థం కానిది ఒక ఆదివారంలో అర్థమవుతుంది.