జెంటూ శబ్దము – బళ్ళారి సీమ

జాతులకు పేరులు రెండు విధముల గలుగును. తాము చెప్పుకొనునది యొకటి, పరులు పెట్టునది వేఱొకటి. ఆసియా మైనరునందు పూర్వము ఫ్రిజియను లను జాతి యుండెను. వారు ఐరోపాలో నున్నప్పుడు బ్రిగులని పిలువబడిరనియు, ఆసియాకు వచ్చిన పిదప పేరు మాఱెననియు మాసిడోనియనులు చెప్పుదురని హెరొడోటసు వ్రాసెను. వారి భాష నశించి శతాబ్దములు గడచినవి. గ్రీకులు పిలిచిన పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

తెలుగువారికిని పరులు పెట్టిన పేరులు లేకపోలేదు. ఉత్తరదిక్కు వారగుటచే తమిళులు వీరిని వడుగ రనిరి. పోర్చుగీసువారు మహమ్మదీయులు గాని యీ దేశస్థులను 'జెంటియో' అనిరి. అన్యమతస్థుడని దాని యర్థము. ఆంగ్లేయుల నోట నది 'జెంటూ' అయ్యెను. 1776లో హాల్హెడు ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రమున నా పదమునకు హిందువులనియే యర్థము. మదరాసున మాత్రమది తెలుగు భాషకే రూఢియయ్యెను. మతమును దెల్పు మాట యిట్లు భాషకు పేరయ్యెను.

1816లో ఏ. డి. క్యాంబెల్ దొర మదరాసున వ్యాకరణము ప్రకటించుచు, దానికి 'తెలుగు' అని పేరిడి, 'సామాన్యముగా జెంటూ అనబడునది' యని చేర్చెను. తెలుగు సంస్కృతజన్యము గాదని ఎల్లిసు దొర నిరూపించినది ఆ గ్రంథపు పీఠికలోనే. మరుసటి యేడు వెలువడిన విలియం బ్రౌను వ్యాకరణము జెంటూ పేరనే వచ్చెను.

ఆ క్యాంబెల్ దొరయే పిదప బళ్ళారి కలెక్టరయ్యెను. గవర్నరు మన్రో కోరిన మీదట 1823లో నాతడు పంపిన నివేదికయందు జిల్లాలోని పాఠశాలలు 533. అందు కన్నడమువి 235, తెలుగువి 226. ప్రజల దారిద్ర్యమువలన చదువు క్షీణించుచున్నదని యాతడు వగచెను. అయినను రెండు భాషలును సరిసమానముగ నొక్క సీమలో వర్ధిల్లిన వనుటకు ఆ లెక్కయే సాక్ష్యము.

1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును చెందెను. 2014 నవంబరు 1న ఆంగ్లలిపిలోని 'బెల్లరీ' సయితము తొలగి 'బళ్ళారి' యయ్యెను. నోటనున్న పేరే తుదకు గెలిచినది.

జెంటూ శబ్దమును చంపినది ఏ శాసనమును గాదు. తెలుగు మాటాడు ఇండ్లును, తెలుగు చెప్పు బడులును నిలుచుటచే నది తనంత రాలిపోయెను. ఫ్రిజియనులకు లేకపోయినది ఆ నిలుకడయే. సరిహద్దున నొక్క తెలుగు తరగతి మూతపడినచో, తమ పేరు చెప్పుకొనువారు అంత తగ్గుదురు. అప్పుడు పేరు పెట్టు పని మఱల పరులదగును.