దాడి ఆటలో కంప్యూటర్: చివరి నుంచి మొదటికి చేసిన గణన

పటం, నియమాలు

దాడి ఆట పటంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు, వాటి భుజాల నడిమి బిందువులను కలిపే నాలుగు గీతలు ఉంటాయి. గుడి మండపాల రాతి పలకల మీద, ఇంటి అరుగుల మీద ఈ పటం కనిపిస్తుంది. చింతపిక్కలు, గులకరాళ్లు కాయలుగా సరిపోతాయి. ఇంగ్లండులో దీన్ని నైన్ మెన్స్ మోరిస్ అంటారు.

ఇద్దరికీ చెరి 9 కాయలు. మొదట వంతులవారీగా ఒక్కో కాయను ఖాళీ బిందువు మీద పెడతారు. ఒకే గీత మీద మూడు కాయలు పడితే దాడి కట్టినట్టు. అప్పుడు ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చు. కాయలన్నీ పెట్టాక వాటిని పక్క బిందువుకు జరుపుతారు. మూడే కాయలు మిగిలినవారు ఏ ఖాళీలోకైనా ఎగరవచ్చు. రెండు కాయలకు పడిపోయినవారు, కదలడానికి దారి లేనివారు ఓడినట్టే.

పటంలోని లెక్క

మొత్తం బిందువులు 24, దాడి కట్టగల గీతలు 16. ప్రతి బిందువూ సరిగ్గా రెండు గీతల మీద ఉంటుంది కాబట్టి దాడి కట్టే అవకాశాల్లో అన్నీ సమానమే. తేడా కదలికలో ఉంది. మూలల్లోని 12 బిందువుల నుంచి రెండేసి దారులు, బయటి, లోపలి చతురస్రాల నడిమి బిందువులు ఎనిమిదింటి నుంచి మూడేసి, మధ్య చతురస్రపు నడిమి బిందువులు నాలుగింటి నుంచి నాలుగేసి దారులు ఉన్నాయి. కాయలన్నీ మూలల్లో పెట్టుకున్నవారు తరవాత కదల్లేక చిక్కుకుపోతారు.

ఒకే కాయ అటూ ఇటూ జరుగుతూ, ఒక దాడిని విప్పుతూనే రెండోదాన్ని కట్టే అమరిక అన్నిటికంటే ప్రమాదకరం. అది కుదిరినవారు ప్రతి వంతులోనూ ఒక కాయ తీస్తారు. దాన్ని ఆపలేని ప్రత్యర్థికి ఆట అక్కడితో ముగిసినట్టే.

గణన పద్ధతి

జూరిక్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ గాసర్ 1993లో ఈ ఆటను పూర్తిగా ఛేదించాడు. ఆయన పద్ధతిలో లెక్క ఆట ముగిసిన స్థితుల నుంచి వెనక్కి నడుస్తుంది. ముందుగా ఓటమి ఖాయమైన స్థితులను గుర్తిస్తారు. ప్రత్యర్థిని అలాంటి స్థితిలోకి నెట్టే ఎత్తు ఒక్కటి ఉన్నా అది గెలుపు స్థితి. ఏ ఎత్తు వేసినా ప్రత్యర్థికి గెలుపే దక్కితే అది ఓటమి స్థితి. ఇక గుర్తు పెట్టడానికి ఏదీ దొరకనప్పుడు, మిగిలినవన్నీ డ్రా.

కాయల సంఖ్య తగ్గుతుందే తప్ప పెరగదు కాబట్టి 3–3 స్థితులతో మొదలుపెట్టి 9–9 వరకు మెట్టు మెట్టుగా 28 పట్టికలు తయారుచేయవచ్చు. పటాన్ని తిప్పినా, అద్దంలో చూసినట్టు మార్చినా, లోపలి చతురస్రాన్ని బయటిదానితో మార్చినా ఆట మారదు. ఈ 16 రూపాలను ఒకటిగా లెక్కించడంతో పని బాగా తగ్గింది. అయినా పట్టికల్లో చేరిన స్థితులు 767 కోట్ల పైమాటే. కాయలు పెట్టే తొలి 18 ఎత్తులను మాత్రం ముందు నుంచి వెతికి, ఆ ఫలితాన్ని పట్టికలతో కలిపారు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే దాడి ఆట డ్రా అని తేలింది.

ఫలితానికి అర్థం

ఆటను ఛేదించడం వేరు, గొప్పగా ఆడటం వేరు. 2016లో సియోల్‌లో గో ఆటగాడు లీ సెడోల్‌ను 4–1తో ఓడించిన కంప్యూటర్ ప్రోగ్రాం ఆల్ఫాగో ఆ పని అంచనాతో, నేర్చుకున్న అనుభవంతో చేసింది. గో ఆట మాత్రం ఛేదన కాలేదు. చెకర్స్‌ను జొనాథన్ షేఫర్ బృందం 2007లో ఛేదించింది; అదీ డ్రానే. నేపాలీ పులి–మేక ఆట బాఘ్ చాల్ విషయంలోనూ ఇదే ఫలితం వచ్చింది.

పట్టికలున్న యంత్రాన్ని ఓడించడం అసాధ్యం. పొరపాటు లేకుండా ఆడితే దానితో సమంగా నిలవడం మాత్రం మనిషికి సాధ్యమే. పట్టికలో ఒక స్థితి గెలుపా, ఓటమా, డ్రానా అనే సమాచారమే ఉంటే, డ్రాకు దారితీసే ఎత్తులన్నీ యంత్రానికి ఒకటే. మనిషిని తికమక పెట్టే ఎత్తు ఏదో దానికి తెలియదు. అందువల్ల ఎన్నడూ ఓడని యంత్రం ఎదుటివారికి వల పన్నడంలో అనుభవజ్ఞుడైన ఆటగాడికన్నా వెనకబడవచ్చు.

పరిమితి

ఈ ఫలితం పైన చెప్పిన నియమాలకే వర్తిస్తుంది. ఎగిరే నియమం తీసేసినా, మూలలను కలుపుతూ గీతలు చేర్చినా అది వేరే ఆట అవుతుంది. దక్షిణాఫ్రికా మొరబరబ 12 కాయలతో, మూలగీతలతో సాగుతుంది. తెలుగు ఊళ్లలో ఆడే నియమాలను ముందు ఊరూరా నమోదు చేయాలి. ఏ రూపం డ్రా అవుతుందో, ఏది మొదటి ఆటగాడికి అనుకూలమో ఆ తరవాతే లెక్క తేల్చగలం.