‘చాలు’ అనే మాట, హిజ్లీ అనే చోటు

ఇంగ్లీషులోని ‘ఎనఫ్’ అనే చిన్న మాటకు ‘చాలు’ అని అర్థం వ్రాసి మన నిఘంటువులు తృప్తి పడతాయి. కాని ఆ రెండు మాటల నడక వేరు. ఇంగ్లీషు మాట సాధారణంగా నామవాచకానికి ముందు, విశేషణానికి వెనుక నిలుస్తుంది. ఎక్కడ నిలిచినా ప్రధానంగా కొలతనే చెబుతుంది. ‘అందుట, చేరుట’ అనే అర్థం గల ప్రాచీన ధాతువునుండి అది పుట్టినదని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన ‘చాలు’ క్రియాపదం. అది కొలతతో పాటు శక్తిని కూడ తెలుపుతుంది. ‘ఈ బియ్యం చాలును’ అంటే కొలత. ‘నేను చేయజాలను’ అంటే శక్తి. కన్నడంలోని ‘సాలు’, ‘సాకు’ దీని తోబుట్టువులే. సంస్కృతంలో ‘అలం’ అనే అవ్యయం కూడ ఇట్టిదే. తృతీయా విభక్తితో కలిసినప్పుడు అది ‘ఇక వద్దు’ అని వారిస్తుంది. చతుర్థితో కలిసినప్పుడు ‘సమర్థుడు’ అని చెబుతుంది. ఒక మల్లునికి మరొక మల్లుడు చాలినవాడు అని వ్యాకరణవేత్తలు దానికి ఉదాహరణ ఇస్తారు.

మరొక విచిత్రం గమనింపదగినది. ‘చాలు’ నుండియే ‘చాలా’ వచ్చినది. సరిపడునంత అని మొదలైన మాట క్రమంగా మిక్కిలి అనే అర్థానికి పెరిగినది. అరబ్బీనుండి హిందీకి వచ్చిన ‘కాఫీ’ అనే మాటదీ ఇదే కథ. మనిషి కోరిక ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఎంత కష్టమో ఈ మాటలే సాక్ష్యమిస్తున్నవి.

ఈ మాటలన్నీ ఒకేచోట వినిపించే ఊరు ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ కూడలిని, పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పినది. 1902లో తూర్పు కోస్తా రైల్వే ఉత్తరభాగం ఆ కంపెనీ చేతికి వచ్చినది. దానితో గంజాం, విశాఖపట్టణం ప్రాంతాల తెలుగువారికి ఖరగ్‌పూర్ దగ్గర దారి అయినది. కొలిమిలోనికి, ఇంజను షెడ్డులోనికి, పట్టాల పనిలోనికి వారు కుటుంబాలతో వచ్చి స్థిరపడినారు. తెలుగువాడు ‘చాలు’ అన్నదానిని పొరుగున బెంగాలీ ‘యథేష్టం’ అంటాడు. మనకు ఆ సంస్కృతపదం ఇష్టం వచ్చినంత అనే అర్థమిస్తే, వారికి సరిపోయినంత అనే అర్థమిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి ఇవ్వడానికి అంగీకరించినది. ఒక శతాబ్దానికి పైగా సాగిన ఈ పొరుగుతనమే దానికి వెనుకనున్న కథ.

‘చాలీచాలని జీతం’ అనే పలుకుబడి రైల్వే కార్మికుల ఇండ్లలో అలంకారం కాదు, నెలనెలా చూసే లెక్క. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారంలో పెద్ద సమ్మె జరిగినది. పనివారు అవసరానికి మించి ఉన్నారని కంపెనీ లెక్క. ఉన్న జీతమే చాలడం లేదని పనివారి లెక్క. ఒకే అంకెల పట్టికనుండి ఇద్దరూ రెండు ‘చాలు’లను చదివినారు. ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో బరంపురంలో జన్మించిన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి ఒకరు. తరువాత ఆయన కేంద్ర కార్మికమంత్రి అయినారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చగా 1954లో పదవిని వదులుకున్నారు. చాలినంత ఎంతో తేల్చవలసినవాడు న్యాయనిర్ణేతయా, జీతమిచ్చేవాడా అన్నదే అక్కడ ప్రశ్న.

1957లో భారత కార్మిక మహాసభ పదునైదవ సమావేశం ఈ మాటకు అంకెలలో అర్థం చెప్పడానికి పూనుకొన్నది. ఒక్కని సంపాదనపై బ్రతికే కుటుంబాన్ని మూడు వినియోగ ప్రమాణాలుగా లెక్కించినది. పెద్దవానికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వీటిపై వంటచెరకు, దీపం మొదలైన వాటికి మొత్తం కూలిలో 20 శాతం కావాలన్నది. పిల్లల చదువుకు, వైద్యానికి, వార్ధక్యానికి అందులో చోటు లేదు. వాటికై మరి 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది. కొలత పెరిగినదని కాదు. మొదట మరచిపోయినవి జ్ఞాపకం వచ్చినవి.

ఖరగ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న హిజ్లీలో ఈ మాట మరింత కఠోరమైన అర్థాన్ని పొందినది. 1930లో శాసనోల్లంఘనం సాగుతుండగా ఉన్న చెరసాలలు చాలలేదు. ప్రతిపాదనలోనే నిలిచిపోయిన ఒక జిల్లాకు కచేరీగా కట్టిన భవనాన్ని ప్రభుత్వం నిర్బంధ శిబిరంగా మార్చినది. న్యాయస్థానంలో ఒకనికి శిక్ష వేయాలంటే చాలినంత సాక్ష్యం కావాలి. ఇక్కడికి పంపడానికి ప్రభుత్వానికి కలిగిన అనుమానమే చాలును, విచారణ అక్కరలేదు. సాక్ష్యం చాలనివారి కొరకే కట్టుకొన్న చట్టమది. ఒక మాటలోని కొలతను న్యాయమూర్తి చేతినుండి అధికారి చేతికి మార్చడమే నిర్బంధ చట్టాల రహస్యం.

1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో పోలీసులు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపినారు. సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినారు. వారి భౌతికకాయాలకై సుభాస్ చంద్రబోసు హిజ్లీకి వచ్చినారు. కలకత్తాలో జరిగిన బహిరంగసభలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కాల్పులను ఖండించినారు. జనం ‘ఇక చాలు’ అన్నారు. ఇది కొలత చెప్పే ‘చాలు’ కాదు, ‘అలం’ అని వారించే ‘చాలు’. అయినా ఆ శిబిరం పూర్తిగా మూతపడినది 1942లోనే.

అదే చోటు తరువాత మరొక ‘చాలదు’కు జవాబు అయినది. దేశనిర్మాణానికి ఉన్నత సాంకేతిక నిపుణులు చాలరని గుర్తించి, 1946లో నళినీరంజన్ సర్కార్ సంఘం దేశం నాలుగు దిక్కులా నాలుగు విద్యాసంస్థలు కావాలన్నది. వాటిలో మొదటిది హిజ్లీ నిర్బంధ భవనంలోనే ఆరంభమైనది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఆ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి ప్రారంభోత్సవం చేసినారు. అప్పటికి విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. ఆ భవనానికి ఇప్పుడు హిజ్లీ షహీద్ భవన్ అని పేరు. కొలతను చెప్పే ‘చాలు’కు బంధనమైన గది, శక్తిని చెప్పే ‘చాలు’కు పాఠశాల అయినది.

మన పంక్తి భోజనంలో ఒక మర్యాద ఉన్నది. ‘చాలు’ అనవలసినవాడు తినేవాడు, వడ్డించేవాడు కాదు. విస్తరిపై చేయి అడ్డుపెట్టే హక్కు అతిథిది. వడ్డించేవాడు ముందుగా ‘చాలులే’ అంటే అది విందు కాదు, అవమానం. కంపెనీ జీతం నిర్ణయించినప్పుడు, ప్రభుత్వం అనుమానమే చాలునన్నప్పుడు జరిగినది ఇదే: వడ్డించేవాడే చాలునన్నాడు. సమ్మె కట్టిన కార్మికుడు, సభలో నిలిచిన పౌరుడు అడిగినది ఎక్కువ వడ్డన కాదు. ‘చాలు’ అని తాము చెప్పుకొనే హక్కు. నిఘంటువు ఈ మాటకు అర్థం చెప్పగలదు. దానిని ఎవరు పలకాలో ప్రతి తరమూ నిర్ణయించుకొనవలసినదే.