లండన్ చేరిన చందా గజళ్లు

హైదరాబాద్ పాతబస్తీలో మీర్ ఆలం మండీ అంటే చాలామందికి కూరగాయల బేరమే గుర్తొస్తుంది. ఆ మీర్ ఆలం నిజాం తరఫున ఇంగ్లీషువాళ్లతో వ్యవహారాలు నడిపినవాడు, తర్వాత దివాన్ (ప్రధానమంత్రి) అయ్యాడు. 1799 అక్టోబరు 18న ఆయన ఇంట్లో కచేరీ. నాట్యం మధ్యలో కవయిత్రి, గాయని, నర్తకి మహ్‌లఖా బాయి చందా తన గజళ్ల రాతప్రతిని ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కంకు కానుకగా ఇచ్చింది. ఆ సంగతి ప్రతి మీదే రాసి ఉంది. కొన్ని నెలల ముందే శ్రీరంగపట్నంలో టిప్పు మీద ఆ ఇద్దరు మగవాళ్లూ ఒకే పక్షాన పోరాడి వచ్చారు. కాబట్టి ఆ కానుక ఉత్త కళాభిమానం అనుకోలేం.

అరబ్బుల ఖసీదా అనే దీర్ఘ కవితలోని ప్రేమ భాగం విడిపడి, పర్షియాలో పెరిగి, దక్కన్ చేరినదే గజల్. 1591లో ఈ ఊరు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూడా దక్కనీలో గజళ్లు రాశాడు. 1768లో పుట్టిన చందా ఆ గజల్‌ను తనే రాసి, తనే పాడి, అభినయించింది. తాన్‌సేన్ పరంపరకు చెందిన ఖుష్‌హాల్ ఖాన్ ఆమెకు గురువు. ఉర్దూలో దివాన్, అంటే కవితల సంపుటి, కూర్చిన తొలి మహిళ ఈమేనని చాలాకాలం చెప్పుకున్నారు. దక్కన్‌లోనే లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ అంతకు కాస్త ముందుదని తర్వాత తేలింది. దానివల్ల చందాకు వచ్చిన లోటేమీ లేదు.

ఆ రోజుల్లో గాయని నిలబడే పాడేది. వెనక సారంగీ, తబలా వాళ్లు వాద్యాలను నడుముకు కట్టుకుని, ఆమె ఎటు కదిలితే అటు కదిలేవారు. హార్మోనియం ఇంకా రాలేదు. గొంతుకు తోడు వెళ్లే పనంతా సారంగీదే.

ఆమె గజళ్లు 125. ఒక్కోదానికి ఐదేసి షేర్లు, అంటే రెండేసి పాదాల పద్యాలు. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అనే పంజతన్ మీద భక్తి గల షియా ఇంట ఐదు మామూలు అంకె కాదు. ఐదైదులు ఇరవై ఐదు, దాన్ని మళ్లీ ఐదుతో హెచ్చిస్తే 125. కావాలనే కూర్చిందని నా నమ్మకం. చివరి షేరులో తన పేరుతోపాటు అలీని తలుచుకుంటుంది. పాడేవాళ్లకు ఈ పొట్టి గజల్ మహా అనుకూలం. మొదటి పాదాన్ని రకరకాలుగా తిప్పి తిప్పి, ఎదుటివాళ్లను ఊరించి, జావళిలో పల్లవికి వచ్చినట్టు షేరు చివర మళ్లీ మళ్లీ వచ్చే రదీఫ్ మీదికి వచ్చి వాలొచ్చు.

అదే కాలంలో, 1786లో, వియన్నాలో మొజార్ట్ నాన్సీ స్టొరేస్ అనే సొప్రానో గాయని కోసం ఆర్కెస్ట్రాతో పాట కట్టాడు. అది స్వరాలతో సహా కాగితం మీద ఉంది, ఇవాళ్టికీ పాడుతున్నారు. మన దగ్గర మాట ఒక్కటే కాగితం ఎక్కింది, బాణీ ఉస్తాదుల గొంతుల్లోనే ఉండిపోయింది. 1789లోనే కలకత్తాలో విలియం హామిల్టన్ బర్డ్ హిందుస్తానీ పాటల్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశాడు. చందా పాటకు ఆ యోగం పట్టలేదు.

1824లో ఆమె పోయింది. మౌలాలి గుట్ట కింద, తల్లి రాజ్ కువర్ బాయి కోసం తాను కట్టించిన చోటే ఆమె సమాధి ఉంది. అమెరికా ప్రభుత్వ నిధులతో దాన్ని బాగుచేశారు. రాతప్రతి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. గజల్ పాడే హైదరాబాదీలకు ఒక్క మనవి: ఈసారి కచేరీలో గాలిబ్, మీర్ తఖీ మీర్‌ల పక్కన చందాది ఒకటైనా కొత్త బాణీ కట్టి పాడండి.